హాలీ సిక్కా నుండి డిజిటల్ రూపాయి వరకు: హైదరాబాదు పాతబస్తీలో నాణెము, దానము – ఒక చారిత్రక పరిశీలన

ఉపోద్ఘాతము

గత కొన్ని సంవత్సరములుగా మన సంఘములలో ఒక ప్రశ్న తరచుగా వినబడుచున్నది. కానుకల సంచి ఇంకా అవసరమా? ఆరాధన గుమ్మము దగ్గర క్యూఆర్ కోడ్ అంటించి ఉంటుంది. యువకులు ఫోను తీసి క్షణములో కానుక పంపుతారు. సంచి తమ ముందుకు వచ్చినప్పుడు దానిని పక్కవారికి అందిస్తారు. వెనుక వరుసలో కూర్చున్న వృద్ధురాలు మాత్రము కొంగుముడి విప్పి నాణెము తీస్తుంది. మరికొందరు ఇంకొక అడుగు ముందుకు వేసి, బిట్‌కాయిన్ వంటి వాటిలో దశమ భాగము ఇవ్వవచ్చునా, సంఘము తీసికొనవచ్చునా అని అడుగుచున్నారు.

ఈ ప్రశ్నలకు జవాబు వెదికేవారు సాధారణముగా సాంకేతిక శాస్త్రము వైపు చూస్తారు. మేము ఈ వ్యాసములో చరిత్ర వైపు చూడదలచాము. ఎందుకనగా ధనము రూపము మార్చుకోవడము ఇది మొదటిసారి కాదు. హైదరాబాదు పాతబస్తీ గత నూట డెబ్బది సంవత్సరములలో అనేకసార్లు ఈ మార్పును అనుభవించింది. మారిన ప్రతిసారి దానధర్మములు కూడా తమ దారిని మార్చుకొన్నవి. ఆ అనుభవమును మూడు ప్రశ్నలతో పరిశీలిద్దాము. నాణెము మారినప్పుడు వట్టము ఎవరు భరించారు? చెలామణికి వెలుపల ఎవరు మిగిలిపోయారు? లెక్క ఎవరి చేతిలో ఉండెను?

1. లేఖనములలో రూకలు మార్చువారు

ఈ మూడు ప్రశ్నలు మన లేఖనములకు క్రొత్తవి కావు. యేసు ప్రభువు కాలములో దేవాలయపు అరషెకెలు పన్నును తూరు పట్టణపు వెండి నాణెములలో చెల్లించేవారు. ఆ నాణెము మీద మెల్కార్తు అను అన్యదేవత ముఖము ఉండెను. అయినను దాని వెండి స్వచ్ఛమైనది గనుక దేవాలయము దానినే అంగీకరించింది. గలిలయ నుండి గాని, దూరదేశముల నుండి గాని వచ్చిన యాత్రికుడు తన ఊరి నాణెమును రూకలు మార్చువారి బల్ల దగ్గర మార్చుకొనవలసినదే. మిష్నాలోని షెకాలీము అను భాగము ఈ మారకపు రుసుమును ‘కొల్బోను’ అని పేర్కొంటున్నది. మన ఊళ్లలో షరాబులు తీసికొన్న వట్టము కూడా అటువంటిదే. దేవునికి ఇచ్చుటకు వచ్చినవాడు ముందుగా మధ్యవర్తికి ఇచ్చుకొనవలసి వచ్చెను.

బీద విధవరాలి కానుక వృత్తాంతములో (మార్కు 12:41–44) మరియొక విశేషమున్నది. ఆమె వేసిన రెండు చిన్న నాణెముల విలువ ఎంతో మార్కు తన పాఠకులకు రోమా నాణెపు లెక్కలో చెప్పుచున్నాడు. ఒక ప్రాంతపు నాణెము మరియొక ప్రాంతములో అర్థము కాదని సువార్తికునికి తెలుసు. అయితే యేసు ప్రభువు ఆ కానుకను మారకపు విలువతో తూచలేదు, ఆమెకు మిగిలినదానితో తూచెను.

అదే షెకాలీము భాగము దేవాలయములోని ఒక గదిని గురించి కూడా చెప్పుచున్నది. భక్తిగలవారు అందులో రహస్యముగా ఇచ్చేవారు. ఒకప్పుడు బాగుగా బ్రతికి చితికిపోయిన కుటుంబములవారు అందులో నుండి రహస్యముగా సహాయము పొందేవారు. మన భాషలో దీనికి గుప్తదానమని చక్కని పేరున్నది. మత్తయి 6:1–4 లోని బోధను చదువునప్పుడు ఈ గదిని జ్ఞాపకము చేసికొనుట మంచిది.

2. సుల్తాన్‌షాహీ టంకసాల, హాలీ సిక్కా

1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా నిర్మించిన హైదరాబాదు మొదటి నుండి వ్యాపార నగరము. చార్‌కమాన్, గుల్జార్ హౌజ్ పరిసరములలో నగల వర్తకులు, మూసీకి అవతల బేగంబజారులో సాహుకారులు నగరపు ధనమును నడిపించారు. పాతబస్తీ సుల్తాన్‌షాహీలో నిజాము టంకసాల ఉండెను. అయితే 19వ శతాబ్దపు మొదటి సగములో రాజ్యమంతటికీ ఒకే రూపాయి లేదు. గద్వాల, నారాయణపేట వంటి చోట్ల వేరు టంకసాలలు ఉండెను. ‘గోవింద్‌బక్షీ’ రూపాయి వంటి పేర్లతో పలు రకముల నాణెములు చెలామణి అయ్యేవి. ఒక జిల్లా రూపాయి మరియొక జిల్లాలో పూర్తి విలువకు చెల్లేది కాదు. చెల్లించేవాని చేతికి, తీసికొనేవాని చేతికి మధ్య షరాబు నిలిచేవాడు.

1853లో దివానుగా బాధ్యత తీసికొన్న మొదటి సాలార్‌జంగ్ ఈ గందరగోళమును సరిదిద్దుటకు పూనుకొన్నారు. విడివిడి టంకసాలలను మూయించి రాజ్యమంతటికీ ఒకే రూపాయిని నిలబెట్టారు. దానికే హాలీ సిక్కా అని పేరు. హాలీ అనగా ప్రస్తుతము చెల్లుబాటులో ఉన్నది. 1857 తిరుగుబాటు అణగారిన తరువాత నాణెము మీద నుండి మొగలు చక్రవర్తి పేరు తొలగిపోయింది. 1903లో టంకసాల పాతబస్తీ నుండి సైఫాబాదుకు తరలింది. ఆ కాలము నుండి నిజాము నాణెముల మీద చార్మినారు బొమ్మ కనిపించసాగింది. చార్మినారు నడిమి కమాను లోపల ఏలుచున్న నిజాము పేరులోని మొదటి అక్షరము, అనగా మహబూబ్ అలీఖాన్ కాలములో ‘మీమ్’, ఉస్మాన్ అలీఖాన్ కాలములో ‘ఐన్’, చెక్కబడి ఉండేది.

ఒకే నాణెము వచ్చుట వలన బీదవానికి మేలు జరిగింది. కూలివాడు సంపాదించిన రూపాయి ఊరు దాటగానే తరిగిపోవు బాధ తగ్గింది. నాణెపు సంస్కరణ కూడా ఒక విధమైన ధర్మకార్యమేనని చెప్పుటకు ఇది నిదర్శనము. డిజిటల్ చెల్లింపులను సంశయముతో చూచేవారు ఈ సంగతిని మరువరాదు.

3. హాలీ, కల్దార్: మిషను సొమ్ము లెక్క

హాలీ సిక్కా రాజ్యములో ఐక్యత తెచ్చినను, రాజ్యపు సరిహద్దు దగ్గర వట్టము అట్లే నిలిచింది. బ్రిటిష్ ఇండియా రూపాయిని హైదరాబాదు ప్రజలు ‘కల్దార్’ అనేవారు. ఆరు కల్దార్ రూపాయలకు ఏడు హాలీ రూపాయలు. అనగా నూరు కల్దార్ రూపాయలకు 116 రూపాయల 10 అణాల 8 పైల హాలీ. ఈ నిష్పత్తి వెనుక వెండి లెక్క ఉన్నది. బ్రిటిష్ రూపాయిలో సుమారు 10.7 గ్రాముల వెండి ఉండగా, హాలీ రూపాయిలో సుమారు 9.1 గ్రాములే ఉండెను.

ఈ లెక్క మన సంఘచరిత్రతో నేరుగా ముడిపడియున్నది. ఇంగ్లండు నుండి వెస్లియన్ మెథడిస్టులు, అమెరికా నుండి బాప్తిస్టులు, మెథడిస్టులు నిజాము రాజ్యములో పనిచేశారు. విదేశములలోని సంఘములు పౌండ్లలో, డాలర్లలో చందా కూర్చేవి. ఆ సొమ్ము రూపాయిగా మారి, ఆ రూపాయి హాలీగా మారి, చివరకు పల్లెలోని ఉపదేశి చేతికి చేరవలసియుండెను. లండనులో ఒక విధవరాలు వేసిన పెన్నీ జోగిపేట దగ్గరి పల్లెకు చేరునాటికి ఎన్ని బల్లలు దాటవలెనో ఆలోచించండి. ప్రతి బల్ల దగ్గర ఒక లెక్క ఉండెను, ఆ లెక్కకు ఒక మనిషి జవాబుదారుగా ఉండెను.

పౌలు యెరూషలేము పరిశుద్ధుల కొరకు చందా కూర్చినప్పుడు ఈ సమస్యను ముందుగానే చూచెను. కొరింథు సంఘము ఆమోదించినవారి చేతనే ఆ సొమ్మును పంపుదునని వ్రాసెను (1 కొరింథీ 16:3). మనుష్యుల దృష్టిలో కూడా నింద రాకుండ జాగ్రత్తపడుచున్నామని మరియొక పత్రికలో వివరించెను (2 కొరింథీ 8:20–21). అపొస్తలుడైన తన మాట చాలునని ఆయన అనుకొనలేదు.

1918లో మొదటి ప్రపంచయుద్ధము వలన వెండి కరువై హైదరాబాదు రాజ్యము కాగితపు నోట్లను విడుదల చేసింది. వాటి మీద ఉర్దూతో పాటు తెలుగు, మరాఠీ, కన్నడ భాషలలో కూడా విలువ ముద్రింపబడింది. పాలకుల భాష తెలియని రైతు సయితము చేతిలోని కాగితపు విలువను చదువుకొనగలగవలెనను ఆలోచన అందులో ఉన్నది.

4. నాణెము విసిరిన చేయి, అన్నము పెట్టిన చేయి

పాతబస్తీ దానధర్మములలో నాణెమునకు ప్రత్యేకమైన స్థానమున్నది. 1901 నుండి 1912 వరకు ప్రధానమంత్రిగా ఉన్న మహారాజా కిషన్ పర్షాద్ దేవిడీ షాలిబండలో ఉండెను. ఆయన బయటికి వెళ్లునప్పుడు దారి పొడవునా బీదలకు చిల్లర విరజిమ్మేవారని నగరము ఇప్పటికీ చెప్పుకొంటుంది. ఆ దానములో ఉదారత ఉన్నది, ఆడంబరమూ ఉన్నది. అయితే ఒక సంగతి గమనింపదగినది. విసిరిన నాణెము ఎవరి చేతికి చిక్కెనో దాతకు తెలియదు, గ్రహీత పేరు ఎక్కడా వ్రాయబడదు. ఫోనులోని ధనమును అట్లు విరజిమ్ముట సాధ్యము కాదు. దానికి పంపువాని పేరు, అందుకొనువాని పేరు, తేదీ, సమయము తప్పనిసరి.

1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి పాతబస్తీని, అఫ్జల్‌గంజ్ ప్రాంతమును ముంచివేసింది. సుమారు 15,000 మంది చనిపోయారని అంచనా. అఫ్జల్‌గంజ్‌లోని ఒక చింతచెట్టు ఎక్కి సుమారు 150 మంది ప్రాణములు దక్కించుకొన్నారు. ఆరవ నిజాము మహబూబ్ అలీఖాన్ తన రాజభవనముల తలుపులు నిరాశ్రయుల కొరకు తెరిపించారు. ఇల్లు, తిండి, బట్ట లేనివానికి ఆ రోజున నాణెముతో కొనుటకు అంగడి లేదు. కావలసినది గంజి, నీడ. విపత్తు మొదటి దినములలో దానము ధనరూపమును విడిచి అన్నరూపమునకు తిరిగి వచ్చునని ఆ వరద చూపింది. ఆ తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్య సలహా మేరకు వరద నివారణ ప్రణాళిక తయారైంది. 1920లో ఉస్మాన్‌సాగర్, 1927లో హిమాయత్‌సాగర్ పూర్తి అయినవి. తక్షణ సహాయము, శాశ్వత నివారణ అను రెండూ దానధర్మములలో భాగమేనని ఆ తరము గ్రహించింది.

మన సంఘచరిత్రలో మెదకు దేవాలయము ఇదే పాఠమును మరియొక రీతిగా చెప్పుచున్నది. చార్లెస్ వాకర్ పాస్నెట్ దొరగారు 1914లో ఆరంభించిన కట్టడము 1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడింది. కరవుతో అలమటించుచున్న ప్రజలకు పని కల్పించి, ఆ పనికి అన్నము పెట్టుట ఆ నిర్మాణములోని ముఖ్య ఉద్దేశములలో ఒకటి. బిచ్చముగా కాక కష్టార్జితముగా అన్నము తిన్నామను గౌరవము ఆ కుటుంబములకు దక్కింది.

నేటి పాతబస్తీలో కూడా ఈ ధోరణి కనిపిస్తుంది. 2012లో అజహర్ మఖ్‌సూసీ అను సామాన్య గృహస్థుడు దబీర్‌పురా వంతెన కింద ఆకలిగొన్నవారికి భోజనము పెట్టుట ప్రారంభించారు. ఆకలికి మతము లేదన్నది ఆయన మాట. అక్కడ తినుటకు వచ్చినవారిని ఎవరూ గుర్తింపు కార్డు అడగలేదు.

5. పిడికెడు బియ్యము, వడ్డీలేని అప్పు

నాణెము చేతిలో నిలువని కుటుంబములు దేవునికి ఏమి ఇవ్వగలవు? తెలుగు సంఘములు దీనికి పిడికెడు బియ్యము అను జవాబు కనుగొన్నవి. వంట చేయు స్త్రీ ఎసట్లో పోయుటకు ముందు ఒక పిడికెడు తీసి వేరుగా ఉంచుతుంది. వారము చివర ఆ బియ్యము సంఘమునకు చేరుతుంది. మేము ఈ ఆచారమును కేవలము బీదతనపు గుర్తుగా చూడము. ఇంటి ఖర్చు మీద అధికారము లేని స్త్రీకి తన చేతితో తానే ఇచ్చు స్వాతంత్ర్యమును ఈ పిడికిలి కల్పించింది. భర్త సంతకము అక్కరలేదు, షరాబు బల్ల అక్కరలేదు. హాలీ అయినను, కల్దార్ అయినను ఆ పిడికెడు తరుగలేదు. ఏ ప్రభుత్వమూ దానిని రద్దు చేయలేదు.

పొరుగువారి చరిత్ర నుండి కూడా నేర్చుకొనవలసినది ఉన్నది. ఇస్లాము ధర్మములో వడ్డీ నిషిద్ధము. అందువలన హైదరాబాదు ముస్లిములు 19వ శతాబ్దపు చివరి నుండే వడ్డీలేని అప్పుల సంఘములను నడిపారు. హైదరాబాదులో జన్మించిన పండితుడు మహమ్మద్ హమీదుల్లా (1908–2002) 1944లోనే వీటిని గురించి వ్యాసము వ్రాశారు. జకాతు ఇచ్చివేయు దానము కాగా, ఈ అప్పు తిరిగి వచ్చు దానము. తీసికొన్నవాడు తీర్చి తలయెత్తుకొని నిలుచును. ఆ సొమ్ము మరియొకని ఇంటికి చేరును. వడ్డీవ్యాపారుల చేతిలో చిక్కుకొన్న మన విశ్వాసుల ఇండ్లను ఎరిగిన కాపరులు ఈ పద్ధతిని శ్రద్ధగా పరిశీలింపవలెను.

6. నాణెము రెండుసార్లు మారిన దశాబ్దము

1948 సెప్టెంబరులో హైదరాబాదు రాజ్యము భారతదేశములో కలిసింది. హాలీ రూపాయి 1950 నుండి భారత రూపాయితో పాటు చెలామణి అయి, 1959లో రద్దయ్యింది. ఈలోగా 1957 ఏప్రిల్ 1న దేశమంతటా అణాల లెక్క పోయి నయాపైసల లెక్క వచ్చింది. ఒకే తరము ప్రజలు పది సంవత్సరములలో రెండుసార్లు తమ చిల్లరను మరల నేర్చుకొనవలసి వచ్చింది.

దీని భారము ఎవరి మీద పడెనో ఒక చిన్న లెక్క చూపుతుంది. హాలీ రూపాయి భారత రూపాయిలో ఏడింట ఆరు వంతులు, అనగా సుమారు 85.7 నయాపైసలు. హాలీ అణా అందులో పదహారవ వంతు, అనగా 5.36 నయాపైసలు. ప్రతి ఆదివారము ఒక హాలీ అణా వేయు అలవాటున్న విశ్వాసి ఇప్పుడు అయిదు పైసలు వేయవలెనా, ఆరు వేయవలెనా? అయిదు వేసిన కానుక తగ్గును, ఆరు వేసిన కానుక పెరుగును. నూరు రూపాయలు ఇచ్చువానికి ఈ తేడా పట్టింపు లేనిది. అణా ఇచ్చువారికి మాత్రము ప్రతి వారము ఎదురుపడు సమస్య. నాణెపు మార్పులలోని తరుగు ఎప్పుడూ చిన్న నాణెము దగ్గరనే ఎక్కువగా తగులును.

ఈ కాలమునకు చెందిన మరియొక ఉదంతము దానమును గూర్చిన వదంతులకు సంబంధించినది. 1965లో ఏడవ నిజాము ఉస్మాన్ అలీఖాన్ జాతీయ రక్షణ నిధికి 5,000 కిలోల బంగారమును విరాళముగా ఇచ్చారని విస్తారముగా ప్రచారములో ఉన్నది. ఆయన 4.25 లక్షల గ్రాముల, అనగా 425 కిలోల, బంగారమును జాతీయ రక్షణ బంగారు బాండ్లలో పెట్టారని నాటి పత్రికలు ప్రకటించినవి. ఆ బాండ్లకు ఆరున్నర శాతము వడ్డీ ఉండెను. సమాచార హక్కు చట్టము కింద అడిగినప్పుడు అట్టి విరాళమును గూర్చిన సమాచారము తమ వద్ద లేదని జాతీయ రక్షణ నిధివారు జవాబిచ్చారు. కష్టకాలములో దేశమునకు బంగారము అప్పగించుట గొప్ప విషయమే. అయినను పెట్టుబడి వేరు, దానము వేరు. అంతర్జాలములో పదిమంది పంచుకొన్నంత మాత్రమున ఒకటి మరియొకటి కాజాలదు. దానమును గూర్చి సాక్ష్యము చెప్పు ప్రతివారు ఈ భేదమును పాటింపవలెను.

7. 2016 నవంబరు, ఆ తరువాత

2016 నవంబరు 8 రాత్రి 500, 1000 రూపాయల నోట్లు రద్దయినవి. చెలామణిలోనున్న నోట్ల విలువలో అవి సుమారు 86 శాతము. మొదట ఒక్కొక్కరు బ్యాంకులో 4,000 రూపాయల వరకే మార్చుకొనగలిగారు. లాడ్‌బజారు గాజుల పనివారు, దినకూలీలు, ఇండ్లలో పాచిపని చేయు స్త్రీలు నోట్ల మీదనే బ్రతికేవారు. భర్తకు తెలియకుండ బియ్యపు డబ్బాలో దాచుకొన్న నోటును బయటపెట్టక తప్పలేదు. ఇది కూడా ఒక విధమైన గుప్తధనమే. నాటి మార్పు దానిని వెలుగులోనికి లాగింది.

మందిరముల కానుకల పెట్టెలకు కూడా ఈ దెబ్బ తగిలింది. తిరుమల తిరుపతి దేవస్థానము హుండీలలో పడిన సుమారు 50 కోట్ల రూపాయల రద్దయిన నోట్లను మార్పించుమని ఆ సంస్థ 2020లో కేంద్రమును కోరింది. చెల్లని నోటును దేవునికి వేసినవారిలో భక్తులు ఎందరో, వదిలించుకొన్నవారు ఎందరో లెక్కించుట మన పని కాదు. అయితే తనకు పనికిరానిదానిని దేవునికి ఇచ్చుట మలాకీ ప్రవక్త కాలము నుండి ఉన్న రోగమే (మలాకీ 1:8).

మరుసటి సంవత్సరము, 2017 నవంబరులో, అంతర్జాతీయ పారిశ్రామికవేత్తల సదస్సు సందర్భముగా హైదరాబాదు వీధులలో భిక్షాటనను పోలీసులు రెండు నెలలు నిషేధించారు. భిక్షకులలో పురుషులను చంచల్‌గూడ జైలు ఆవరణలోని ఆనంద ఆశ్రమమునకు తరలించారు. ఆ సదస్సు విందు పాతబస్తీలోని ఫలక్‌నుమా భవనములో జరిగింది. విందునకును ఆశ్రమమునకును మధ్య దూరము కొద్ది కిలోమీటర్లే. లూకా 16వ అధ్యాయములోని ధనవంతుని గుమ్మమును ప్రసంగించువారికి ఈ పటము చాలును.

8. ఫోనులోని రూపాయి, కంప్యూటరులోని నాణెము

ఇక్కడ మూడు వేరు వేరు సంగతులను కలిపివేయరాదు. మొదటిది యూపీఐ. జాతీయ చెల్లింపుల సంస్థ 2016 ఏప్రిల్‌లో దీనిని ప్రారంభించింది. ఇది క్రొత్త నాణెము కాదు. మన బ్యాంకులోని రూపాయినే ఒక ఖాతా నుండి మరియొక ఖాతాకు చేర్చు దారి. 2020 జనవరి నుండి దీనిపై వర్తకుల వద్ద వసూలు చేయు రుసుమును ప్రభుత్వము తొలగించింది. షరాబు వట్టము లేకుండ చిన్న మొత్తములు చేతులు మారుట మన చరిత్రలో అరుదైన సంగతి. 2023 ఆగస్టు ఒక్క నెలలోనే ఈ చెల్లింపులు 1,000 కోట్లు దాటినవి.

రెండవది డిజిటల్ రూపాయి. రిజర్వు బ్యాంకు 2022 డిసెంబరు 1న ప్రజల వాడకము కొరకు దీనిని ప్రయోగాత్మకముగా విడుదల చేసింది. తరువాతి దశ నగరముల జాబితాలో హైదరాబాదు కూడా ఉన్నది. ఇది నోటు వలెనే రిజర్వు బ్యాంకు ఇచ్చిన వాగ్దానము, కాగితము మాత్రము లేదు.

మూడవది బిట్‌కాయిన్ వంటి క్రిప్టో నాణెములు. 2009 జనవరిలో బిట్‌కాయిన్ ఆరంభమైంది. దీని వెనుక ఏ ప్రభుత్వమూ, ఏ టంకసాలయూ లేదు. 2018 ఏప్రిల్‌లో రిజర్వు బ్యాంకు బ్యాంకులను వీటికి దూరముగా ఉండుమని ఆదేశించగా, 2020 మార్చి 4న సుప్రీంకోర్టు ఆ ఆదేశమును కొట్టివేసింది. 2022 ఏప్రిల్ నుండి వీటి లాభము మీద 30 శాతము పన్ను వచ్చింది. పన్ను వేయుట వలన ఇవి రూపాయి వలె చెల్లుబాటు నాణెములు కాలేదు.

క్రిప్టో దానమునకు మన దేశములో పెద్ద ఉదాహరణ 2021లో కనిపించింది. కోవిడ్ రెండవ అల తీవ్రముగా ఉన్న ఏప్రిల్ నెలలో పాలిగాన్ సంస్థకు చెందిన సందీప్ నైల్వాల్ ఒక క్రిప్టో సహాయనిధిని ప్రారంభించారు. మే నెలలో ఎథీరియము స్థాపకులలో ఒకరైన విటాలిక్ బుటెరిన్ ఆ నిధికి ‘షిబా ఇను’ అను నాణెములను పంపారు. నాటి ధర ప్రకారము వాటి విలువ సుమారు వంద కోట్ల డాలర్లని లోకమంతయు చెప్పుకొన్నది. ఆ వార్త వెలువడగానే ఆ నాణెపు ధర బాగుగా పడిపోయింది. అంత మొత్తమును ఒక్కసారిగా అమ్మగల బజారు లేదు. వచ్చిన నాణెములను నిదానముగా డాలర్లుగా, రూపాయలుగా మార్చుకొంటూ, విదేశీ విరాళముల చట్టమునకు లోబడుచు నిధి నిర్వాహకులు పని చేయవలసి వచ్చింది. 2022లో సుమారు 10 కోట్ల డాలర్లను వైద్య పరిశోధనల కొరకు బుటెరిన్‌కే తిరిగి పంపారు.

ఈ ఉదంతములో నిందింపదగినవారు ఎవరూ లేరు. ఇచ్చినవాడు ఇచ్చాడు, తీసికొన్నవారు లెక్క చూపారు. అయితే ప్రకటింపబడిన దానమునకును, ఆకలిగొన్నవాని పళ్ళెములో పడిన అన్నమునకును మధ్య దూరము ఎంత ఉండగలదో ఇది చూపింది. హాలీ–కల్దార్ నిష్పత్తి తరతరములు ఇంచుమించు నిలకడగా ఉండెను. ఈ నాణెముల నిష్పత్తి పూట పూటకు మారుచున్నది.

9. సంఘమునకు కొన్ని పాఠములు

ఈ చరిత్ర నుండి కాపరులు, సంఘ పెద్దలు, వేదాంత విద్యార్థుల పరిశీలనకు కొన్ని విషయములను మనవి చేయుచున్నాము.

మొదటిది, క్యూఆర్ కోడ్ వచ్చినంత మాత్రమున సంచిని మాన్పరాదు. సంచి పోయిన దినమున ఫోను లేని వృద్ధురాలు, స్వంత ఖాతా లేని ఇల్లాలు, దినకూలి ఇచ్చుటకు అవకాశము లేక కేవలము చూచువారిగా మిగిలిపోవుదురు. పిడికెడు బియ్యము ఏ కారణముచేత పుట్టెనో ఆ కారణము ఇంకను తీరలేదు.

రెండవది, క్యూఆర్ కోడ్ సంఘము పేర, సంఘము ఖాతాకే ఉండవలెను. కాపరి స్వంత ఫోను నంబరుకు కానుకలు పంపించుకొనుట సులభమే. కాని ఆ సులభమే రేపు ఆయన సాక్ష్యమునకు ఉరి కావచ్చును. ఖాతాను ఇద్దరు ముగ్గురు కలిసి చూచుట, నెలకొకసారి లెక్క చదివి వినిపించుట పౌలు చూపిన మాదిరి.

మూడవది, డిజిటల్ కానుక జాబితా కాపరి కంటికి కనిపించును. ఎవరు ఎంత ఇచ్చెనో తెలిసిన తరువాత సందర్శనములోను, ప్రార్థనలోను, సమాధి కార్యక్రమములోను ఆ జ్ఞానము ప్రవేశింపకుండ కాపాడుకొనుట కష్టము. కాబట్టి ఆ జాబితా కోశాధికారి వద్దనే ఉండుట మేలు. దాతల పేర్లను వాట్సాప్ గుంపులో ప్రకటించుట గుప్తదానపు గది తలుపులను పగులగొట్టుటయే.

నాల్గవది, చట్టమునకు లోబడుట సాక్ష్యములో భాగము. 2017 నుండి 2,000 రూపాయలు మించిన నగదు విరాళమునకు ఆదాయపు పన్ను చట్టములోని 80జి సెక్షను కింద మినహాయింపు లేకుండ పోయింది. 2020 సవరణ ప్రకారము విదేశీ విరాళములు ముందుగా న్యూఢిల్లీలోని స్టేట్ బ్యాంకు ప్రధాన శాఖలోని ప్రత్యేక ఖాతాలోనికి రావలెను. విదేశములోని బంధువు క్రిప్టో నాణెములు పంపుదునన్నప్పుడు కాపరి తొందరపడి అంగీకరింపక, తెలిసిన ఆడిటరును అడుగవలెను.

అయిదవది, నాణెముల ధరలను గూర్చిన ఆశను వేదిక మీద నుండి విత్తరాదు. ఈ నాణెము కొనుడి, రెట్టింపగును, అందులో దశమ భాగము ఇవ్వుడి అను మాట దానమును గూర్చిన బోధ కాదు, జూదమునకు దీవెన. నష్టపోయిన విశ్వాసి నాణెమును కాదు, ఆ మాట చెప్పిన కాపరినే జ్ఞాపకముంచుకొనును.

ముగింపు

సుల్తాన్‌షాహీ టంకసాల మూతపడింది. హాలీ సిక్కా నేడు నాణెములు సేకరించువారి పెట్టెలలో ఉన్నది. సైఫాబాదు టంకసాల సయితము 1997లో చర్లపల్లికి తరలిపోయింది. ఫోనులోని రూపాయి కూడా మరియొక రూపమునకు దారి ఇచ్చును. ధనపు రూపమును నిర్ణయించు అధికారము సంఘము చేతిలో లేదు. దివానులు, ప్రభుత్వములు, బ్యాంకులు దానిని నిర్ణయించును. సంఘము చేతిలో ఉన్నది ఒక్కటే. నాణెము మారిన ప్రతిసారి చిన్న నాణెము ఇచ్చువారి పక్షమున నిలిచి, ఈ మార్పులో వీరి కానుక ఎక్కడికి పోవుచున్నదని అడుగుట. యెరూషలేములో కానుకల పెట్టె ఎదుట కూర్చుండి ప్రభువు చూచినది ఆ చిన్న నాణెమునే. నేటి సంఘ పెద్దలు నెలసరి లెక్క చూచుటకు కూర్చున్నప్పుడు మొదట చూడవలసినది కూడా అదే వరుస.